నిక్షేపం

నమ్మకంతో ఒకరి దగ్గర దాచిన సొమ్ము నిక్షేపం. 'క్షిప్' ధాతువుకు 'ని' చేరి పుట్టిన మాట. మనుస్మృతి వ్యవహారపదాల్లో అప్పు తర్వాత రెండోది ఇదే. పాతిపెట్టిన ధనమూ నిక్షేపమే. తెలుగువాళ్లు ఇంకో అడుగు వేసి, దిగుల్లేనివాణ్ణి "నిక్షేపంగా ఉన్నాడు" అన్నారు.

2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్‌లో నిక్షేపమంటే ప్లాటే! పక్కనే ముచ్చింతల్‌లో, 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహంలోని రామానుజుల సంప్రదాయానిది వేరే లెక్క. శరణాగతికి చెప్పే ఆరు అంగాల్లో ఒకటి ఆత్మనిక్షేపం: తననే దేవుడి దగ్గర ఉంచేయడం. రసీదు ఉండదు, కాపాడతాడన్న మహావిశ్వాసం ఇంకో అంగం, అదే హామీ. అప్పగించాక తల్లి నోట కరచుకున్న పిల్లికూనలా ఉండమంటారు ఈ సంప్రదాయంలోని తెంగలై శాఖవారు. కోతిపిల్లలా మనమూ కాస్త పట్టుకోవాలంటారు వడగలై శాఖవారు. ఈ వాదం ఇంకా తెగలేదు.