ఓటమినుండి నేర్చుట మరచిన నగరము

2024 డిసెంబరు 31వ తేదీ రాత్రి హైదరాబాదు గచ్చిబౌలి బాలయోగి క్రీడామైదానమున సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాలు అంతిమ పోటీ జరిగినపుడు, ఆట ముగియవచ్చిన అదనపు నిమిషములలో రాబి హాంస్దా కొట్టిన గోలుతో పశ్చిమ వంగము కేరళమును 1-0 తేడాతో ఓడించి జాతీయ విజేతయయ్యెను. ఆతిథ్యమిచ్చిన తెలంగాణ జట్టు అప్పటికి ఎంతో ముందే, తొలి దశలోనే, పోటీనుండి నిష్క్రమించియుండెను. మన గడ్డపై అన్య రాష్ట్రములవారు ఇరువురు ట్రోఫీకై పెనగులాడుచుండగా మనము కేవలము ప్రేక్షకులమై కూర్చుండవలసి వచ్చుట ఈ నగరపు పూర్వచరిత్ర నెఱిగినవానికి దుస్సహమైన విషయము. ఆ చరిత్ర తెలియని యువకులకు నా బాధ అర్థము కాదని యెఱిగియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయినుండి రోవర్స్ కప్పును తెచ్చినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లోనే మోహన్ బగానును ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచినదియు ఆ జట్టే. కలకత్తా జట్లే ఈ దేశమున ఫుట్‌బాలునకు అధిపతులని లోకమంతయు నమ్మియున్న కాలమది. 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీని హైదరాబాదు గెలిచెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు దానిని మరల సాధించెను. అటుపిమ్మట నేటివఱకు ఆ ట్రోఫీ ఈ నేలకు రాలేదు.

ఈ విజయపరంపరకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరివారు రహీం సాబ్ అని గౌరవముతో పిలిచిన ఈయన 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో ఉపాధ్యాయుడై, పిల్లలకు అక్షరములు నేర్పిన ఓర్పుతోనే ఆటగాండ్రకు ఆటను నేర్పిన మహనీయుడు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనని నియమము పెట్టి పోటీలు జరిపించుటయు, బంతిని తన కాళ్ళయొద్దనే నిలుపుకొని చమత్కారములు చూపువానికంటె దానిని తడయక సహచరున కందించువానినే మెచ్చుకొనుటయు ఆయన పద్ధతి. ఇంకొక ముఖ్యమైన సంగతిని మన చరిత్రకారులు తేలికగా దాటిపోవుదురు: పోలీసు శాఖ ఆటగాండ్రకు కొలువిచ్చెను. నెల జీతము చేతికి వచ్చుచుండుటచే పేదయింటి కుర్రవాడు ఇంటివారి కూటికై చింతింపక మైదానమున నిలువగలిగెను. గురువు, కొలువు, వాడవాడల మైదానములు, ఈ మూడును కలిసినందుననే ఆ జట్టు అట్టిదయ్యెనని నా దృఢవిశ్వాసము.

రహీం సాబ్ ఓటమి నెఱుగనివాడు కాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చితికిపోయెను. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టికాళ్ళతోనే ఆడిరి. ఆ పరాభవమును విధివిలాసమని సరిపెట్టుకొనక, కారణములను వెదకి, ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరి చేసి, జట్టును సరిదిద్దుకొన్న ఫలితముగా, నాలుగేండ్లకు మెల్బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన నగరమువారే. సెమీ ఫైనల్సులో ఎదురైనది అదే యుగోస్లావియా. మనము 4-1తో ఓడితిమి. అదియు ఓటమియే గాని, తొమ్మిదినుండి మూడునకు తగ్గిన ఆ అంతరములో ఎంత సాధన యున్నదో చూడుడు! 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి భారతము ఆసియా క్రీడల స్వర్ణమును పొందునాటికి ఆయన దేహమును పుట్టకురుపు తినివేయుచుండెను. మరుసటి యేడు జూన్ నెలలో ఆయన గతించెను.

ఆయన తరువాత నగరము ఆటగాండ్రను కనుట మానలేదు, నిలుపుకొనుట మానినది. అమ్ముగూడలో పుట్టిన బలరాం 1957లోనే ఈస్టు బెంగాలునకు వెళ్ళి, వంగదేశముననే స్థిరపడి, 2023లో అక్కడనే కన్నుమూసెను. 1966లో కలకత్తా చేరిన మహమ్మద్ హబీబ్ అక్కడివారికి బడే మియాయై, 1977లో పేలే ఆడిన న్యూయార్కు కాస్మోస్ జట్టును 2-2తో నిలువరించిన మోహన్ బగానులో ఆడెను. వారిని నిందించువాడను కాను. కళకు ఆదరమున్న చోటికి కళాకారుడు పోవుట సహజము. వారి స్థానమున మఱి పదిమందిని తీర్చుటకు ఎవరు పూనుకొనిరన్నదే నా ప్రశ్న.

క్రికెట్టునందును గతి యిదియే. 1937-38లో నవానగరమును ఒక్క వికెట్టు తేడాతో ఓడించి రంజీ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు, జయసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ వంటి దిగ్గజములు ఒకే జట్టున నున్న కాలమున సైతము దానిని మరల అందుకొనలేక, 1986-87 వఱకు వేచియుండవలసి వచ్చెను. 2010లో జయపురమున రాజస్థానుతో ఆడుచు 21 పరుగులకే కుప్పకూలి, రంజీ చరిత్రలోనే అత్యల్పమైన ఇన్నింగ్సును మూటగట్టుకొనెను. తొలి పోటీ ఆడుచున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీసెను. ఆనాటి వార్త విని సిగ్గుతో తలవంచుకొన్నవారిలో నేనొకడను. హెల్సింకీ తరువాత జరిగినట్టి శోధన ఇక్కడ జరిగియుండిన, పండ్రెండేండ్ల పిమ్మట 2022-23లో మన జట్టు దిగువ శ్రేణియగు ప్లేట్ విభాగమునకు జారియుండెడిది కాదు. మరుసటి యేట ఆ విభాగమున గెలిచి పైకి వచ్చితిమి. అప్పుడు అరుణాచల ప్రదేశ్‌పై తన్మయ్ అగర్వాల్ 366 పరుగులు చేసెను. ఆ యువకుని ప్రతిభకు జేజేలు. కాని మనము ఆడవలసినది ఆ శ్రేణిలో కాదు.

ఇక నా మనసును అన్నిటికంటె గాయపఱచినది 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. కథ. తొలి యేట అట్టడుగున నిలిచిన ఆ జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో 3-1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతయైనపుడు, రహీం సాబ్ నాటి వైభవము మరలి వచ్చినదని మాబోటివారము పొంగిపోతిమి. రెండేండ్లు తిరుగకముందే జీతముల బకాయిల చిక్కులు చుట్టుముట్టి, ప్రధానమైన ఆటగాండ్రు విడిచిపోగా, 2023-24లో ఆడిన 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, ఎనిమిది పాయింట్లతో చివరన నిలిచెను. మిగిలిన కుర్రవాండ్రు వారము వారమును ఓడుచు, అయినను చివరి విజిలు వఱకు పరుగులు తీయుట చూచినపుడు వారిపై కోపము రాలేదు. వారిని అట్టి స్థితికి తెచ్చిన వ్యవస్థపై వచ్చినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి, పేరు మార్చుకొనెను. కొనితెచ్చిన జట్టు అమ్మకమునకు లోనగుటలో వింతలేదు. సిటీ పోలీసు జట్టును ఎవరును ఎక్కడికిని తరలింపజాలకుండిరి. అది ఈ వీధులలోనుండి పుట్టినది.

మన జట్లు ఓడుచున్నవని నేను దుఃఖించుట లేదు. ఏల ఓడుచున్నవని అడుగువారు లేకపోవుటకే దుఃఖించుచున్నాను. కావున నగరవాసులకు నా మనవి యిది: మీ వాడలోని పాఠశాల మైదానము సాయంకాలము తాళము వేయబడియున్నచో, దానిని పిల్లలకై తెఱువుమని ప్రధానోపాధ్యాయుని, కార్పొరేటరును అడుగుడు. పోలీసు, రైల్వే, బ్యాంకు కొలువులలో ఆటగాండ్ర కోటాను సక్రమముగ భర్తీ చేయుచున్నారా యని క్రీడాసంఘముల పెద్దలను నిలదీయుడు. రాబోవు సంతోష్ ట్రోఫీలో మన జట్టు ఆడునపుడు, గెలిచినను ఓడినను, వెళ్ళి చూడుడు, ఓడినయెడల కారణమడుగుడు.