పుట్టుకతో వచ్చే జికా సిండ్రోమ్

గర్భిణికి సోకిన జికా వైరస్ మాయను దాటి పిండాన్ని చేరితే బిడ్డ మెదడు, కళ్లు, చెవులు, కీళ్లు దెబ్బతినవచ్చు. ఈ లోపాలన్నిటినీ కలిపి పుట్టుకతో వచ్చే జికా సిండ్రోమ్ అంటారు. జికా డెంగీ కుటుంబానికి చెందిన వైరస్. దీన్ని 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఒక కోతి రక్తంలో తొలిసారి గుర్తించారు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమతో పాటు లైంగిక సంపర్కం ద్వారా కూడా ఇది వ్యాపిస్తుంది. సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మిగతావారికి కొద్దిపాటి జ్వరం, దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం కనిపించి కొన్నాళ్లకు తగ్గిపోతాయి. అందుకే వైద్యలోకం చాలాకాలం దీన్ని లెక్కచేయలేదు.

2015లో ఈశాన్య బ్రెజిల్‌లో, ముఖ్యంగా పెర్నాంబుకో రాష్ట్రంలో, చిన్న తలతో పుట్టే పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. నవంబరులో ఆ దేశం, 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఈ లోపాలకు జికాయే కారణమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అదే ఏడాది ఏప్రిల్‌లో తేల్చింది.

నాడీకణాలుగా ఎదగాల్సిన మూలకణాలే ఈ వైరస్‌కు ప్రధాన లక్ష్యం. అవి చనిపోవడంతో మెదడు పైపొర పలచబడుతుంది, దాని అడుగున కాల్షియం పేరుకుంటుంది. తీవ్రమైన కేసుల్లో కొంత పెరిగిన మెదడు మళ్లీ కుంచించుకుపోతుంది. అప్పుడు లోపల ఆధారం తగ్గిన కపాలం ఎముకలు ఒకదానిపైకి ఒకటి ఎక్కుతాయి. నెత్తిమీది చర్మం వదులై మడతలు పడుతుంది. వంశపారంపర్యంగా తల చిన్నదైన పిల్లల్లో సాధారణంగా ఇలా కనిపించదు. రెటీనాపై మచ్చలు, వంకర పాదాలు, బిగుసుకున్న కీళ్లు, కండరాల బిగువు మిగతా ప్రధాన గుర్తులు.

నెలలు నిండి పుట్టిన మగబిడ్డ తల చుట్టుకొలత 31.9 సెంటీమీటర్ల కన్నా, ఆడబిడ్డది 31.5 కన్నా తక్కువ ఉంటే మైక్రోసెఫలీ (తల ఉండాల్సిన దానికన్నా చిన్నగా ఉండటం)గా అనుమానిస్తారు. అయితే ఒక్క టేపు కొలతనే నమ్ముకోవడం పొరపాటు. పుట్టినప్పుడు తల మామూలుగానే ఉండి, తర్వాతి నెలల్లో ఎదుగుదల మందగించిన పిల్లలున్నారు. తల కొలత సరిగానే ఉన్నా స్కానింగ్‌లో మెదడు లోపాలు బయటపడినవారూ ఉన్నారు. ఆగని ఏడుపు, పాలు మింగలేకపోవడం, ఫిట్స్, వినికిడి లోపం, మెదడులో నీరు చేరడం వంటివి కొందరిలో క్రమంగా బయటపడతాయి.

తల్లికి సోకిన ప్రతిసారీ బిడ్డకు హాని జరుగుతుందని కాదు. ప్యూర్టోరికో తదితర అమెరికా అధీన ప్రాంతాల లెక్కల్లో, గర్భం తొలి మూడు నెలల్లో సోకినప్పుడు సుమారు 8 శాతం శిశువుల్లో, చివరి మూడు నెలల్లో సోకినప్పుడు 4 శాతం మందిలో లోపాలు కనిపించాయి. తీవ్రంగా దెబ్బతిన్న పిల్లల పరిస్థితి మాత్రం దయనీయం. బ్రెజిల్‌లో ఈ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మూడేళ్లలోపు మరణాలు ఇతర పిల్లలతో పోలిస్తే దాదాపు 11 రెట్లు ఎక్కువని తేలింది.

వైరస్‌ను అణిచే మందు గానీ, వాడుకలో ఉన్న టీకా గానీ లేవు. తల స్కానింగ్, కంటి, వినికిడి పరీక్షలు, ఫిజియోథెరపీ, ఫిట్స్‌కు మందులు, తినిపించడంలో శిక్షణ, ఇవే ఉన్న మార్గాలు. తల్లికి జికా ఉన్నా చనుపాలు మాన్పించనక్కర్లేదు.

భారతదేశంలో 2018లో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో, 2021లో కేరళలో, 2024లో మహారాష్ట్రలో కేసులు వచ్చినా బ్రెజిల్ తరహా ఉప్పెన రాలేదు. 2024 జులైలో కేంద్రం సోకిన గర్భిణుల పిండం ఎదుగుదలను గమనించాలని రాష్ట్రాలకు సూచించింది. డెంగీ ఎక్కువగా ఉండే తెలుగు రాష్ట్రాల్లాంటి చోట్ల నిర్ధారణ ఓ చిక్కు. రెండు వైరస్‌లకూ శరీరంలో తయారయ్యే యాంటీబాడీలు ఒకదానికొకటి పోలి ఉండటంతో రక్తపరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. అందుకే సోకిన తొలి రోజుల్లోనే రక్తం, మూత్రాలకు ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేయడం మేలు.