పంచగవ్యాలకు తోడు ఆరోది

లాటిన్‌లో ఆవును వక్కా అంటారు, దాని విశేషణం వాక్సీనస్. 1798లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచి మీద రాసిన పుస్తకం పేరులో ఆ విశేషణమే ఉంది, వాక్సిన్ అక్కడి నుంచే వచ్చింది. గోవును పూజించే జనం ఆవు మందును కాదనరని కుంపిణీ దొరల్లో కొందరు లెక్క కట్టారు. 1806లో మచిలీపట్నం జడ్జిగా నియమితుడైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ బాపతే. పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పేడ తర్వాత గోవు ఇచ్చిన ఆరో వరం ఇదేనని ధన్వంతరిని, శక్తిని పాత్రలుగా పెట్టి తమిళంలో కథ అల్లాడు. తెలుగు, తమిళ, కన్నడాలు ఒక కుటుంబమని 1816లోనే పసిగట్టిన పండితుడికి జనం నాడి మాత్రం చిక్కలేదు.

ఎందుకంటే అప్పట్లో మందు ఆవు నుంచి వచ్చేదే కాదు. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పిల్లకు వేసిన టీకా అక్కడి నుంచి చేతి నుంచి చేతికి పాకింది. టీకా వేసిన వారానికి బిడ్డ చేతి మీద బొబ్బ లేచేది. దాన్ని గీరి, ఆ రసి ఇంకో బిడ్డ చేతికి ఎక్కించేవారు. ఏ కులం బిడ్డ రసి ఏ కులం బిడ్డకు? తన బిడ్డ పుండు మళ్లీ కెలకడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? పైగా మన కృష్ణా తీరాన మశూచి జబ్బు కాదు, అమ్మవారు. ఒంటి మీద అమ్మవారు పోసిన ఇంట గుమ్మానికి వేపమండలు కట్టేవారు, తాలింపు పెట్టేవారు కాదు, పోలేరమ్మకు మొక్కుకునేవారు. అడ్డు పడ్డవి ఇవీ, ఆవు కాదు.

ఆవు టీకా మన శాస్త్రాల్లో ముందే ఉందని వాదించేవారు ఉన్నారు. వారి ఆధారం 1819లో మద్రాసు పత్రికలో ధన్వంతరి పేరిట అచ్చయిన ముక్క. అలాంటిది చరకంలో లేదు, సుశ్రుతంలో లేదు. కుంపిణీ వైద్యుడు హాల్వెల్ 1767లో వర్ణించిన బెంగాలు టీకా నిజమే గాని, అది మనిషి మశూచి రసితో వేసేది. దాని వల్ల జబ్బు ఇతరులకూ అంటుకునేది. ఇక గోభక్తి ఎంతో కొంత పనికొచ్చిందనేవారికి గాంధీ రాతలే జవాబు. 1913 నాటి ఆరోగ్య వ్యాసాల్లో ఆయన టీకాను తప్పుపట్టిన కారణాల్లో అది గోవుతో ముడిపడి ఉండటం ఒకటి. అప్పటికి గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో దూడల చర్మం మీద పెంచిన మందే మద్రాసు రాజధాని జిల్లాలకు వెళ్తోంది. చేతి నుంచి చేతికి రసి ఎక్కించే తంటా తప్పింది గాని, ఎల్లిస్ కథలోని ఆవు నిజంగా రంగంలోకి దిగేసరికి భక్తి ఎదురు తిరిగింది.