పాఠ్యపుస్తకాల్లో జీవపరిణామం: మతాక్షేపణలూ మౌనపు మినహాయింపులూ

బడుల్లో జీవపరిణామ బోధనకు మతం వైపు నుంచి వచ్చే అభ్యంతరాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా న్యాయస్థానాల నుంచే మొదలుపెడతారు. 1925 జులైలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, డేటన్ అనే చిన్న ఊళ్లో జరిగిన స్కోప్స్ విచారణ, 1968లో ఆర్కన్సా చట్టాన్ని ఆ దేశపు సుప్రీంకోర్టు కొట్టివేయడం, 1987లో లూసియానా చట్టానికి అదే గతి పట్టడం, 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ తీర్పు. ఈ వరసలో చూస్తే కథ సూటిగా ఉంటుంది: సైన్సు మొదట ఓడినా తర్వాత ప్రతిసారీ గెలిచింది. తీర్పుల చరిత్ర పక్కన పాఠ్యపుస్తకాల చరిత్రను పెట్టి చదివితే మాత్రం ఈ కథ అంత తేలిగ్గా నిలవదు. బాహాటంగా, మతం పేరు చెప్పి వేసిన అడ్డంకులు చివరికి విచారణకు నిలబడలేదు. వాదన ఏదీ లేకుండా, కారణం మరొకటి చెప్పి పాఠాన్ని కుదించిన చోట, పై తరగతికి వాయిదా వేసిన చోట నిలదీయడానికి ఎదుట ఎవరూ ఉండరు. జీవపరిణామ బోధనకు ఎక్కువ నష్టం చేసింది ఈ రెండో పద్ధతే అన్నది ఈ వ్యాసపు వాదన. భారతదేశంలో పదో తరగతి సైన్సు పుస్తకానికి 2022 తర్వాత జరిగినది అర్థం కావాలంటే డేటన్ కోర్టు గదికన్నా, ఆ విచారణ ముగిశాక అమెరికా ప్రచురణకర్తలు చేసిన పనిని చూడటం మేలు.

1925 మార్చిలో టెనెసీ చేసిన బట్లర్ చట్టం, మనిషి తక్కువ స్థాయి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో బోధించడాన్ని నేరం చేసింది. జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడి మీద పెట్టిన కేసులో పుస్తకం జార్జి విలియం హంటర్ రాసిన ‘సివిక్ బయాలజీ’. తమాషా ఏమిటంటే ఆ పుస్తకాన్ని బడులకు ఆమోదించింది టెనెసీ రాష్ట్రమే. ప్రభుత్వం ఇచ్చిన పుస్తకం చెబితే ప్రభుత్వ చట్టం ప్రకారం నేరం! స్కోప్స్‌కు 100 డాలర్ల జరిమానా పడింది. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు జరిమానా విధించిన పద్ధతిలో లోపం చూపి శిక్షను రద్దు చేసింది గాని చట్టాన్ని తప్పుపట్టలేదు. ఆ చట్టం 1967 దాకా బతికింది. విచారణలో స్కోప్స్ తరఫున వాదించిన క్లారెన్స్ డారో, ప్రాసిక్యూషన్ తరఫున నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ల వాగ్యుద్ధం ప్రపంచానికి గుర్తుండిపోయింది. విచారణ మరుసటి ఏడాది హంటర్ పుస్తకం సవరించిన కూర్పులోంచి పరిణామమనే మాటే పోయిన సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. 1974లో జుడిత్ గ్రాబినర్, పీటర్ మిల్లర్ ఆనాటి పుస్తకాలను పరిశీలించి, స్కోప్స్ విచారణ తర్వాత ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పుస్తకాల్లో పరిణామం బాగా తగ్గిపోయిందని చూపారు. అన్ని పుస్తకాలూ ఒకే తీరున వెనక్కి తగ్గలేదని తర్వాతి పరిశోధకులు ఈ నిర్ధారణను కొంత సవరించారు. ఆ సవరణను ఒప్పుకున్నా అసలు విషయం మిగులుతుంది. ఏ చట్టమూ లేని రాష్ట్రాల పిల్లలు చదివిన పుస్తకాలు కూడా పలచబడ్డాయి, ఎందుకంటే ప్రచురణకర్తకు ఒకే పుస్తకం అన్ని రాష్ట్రాల్లోనూ అమ్ముడుపోవాలి. చట్టం చేయలేని పనిని అమ్మకాల భయం చేసిపెట్టింది.

ఈ మౌనం ఏ న్యాయమూర్తి వల్లా పోలేదన్నది గమనించాల్సిన సంగతి. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేశాక సైన్సు చదువులో వెనకబడ్డామన్న బెంగ అమెరికాను పట్టుకుంది. జీవశాస్త్ర పాఠ్యప్రణాళికను తిరగరాయడానికి 1958లో బీఎస్‌సీఎస్ అనే సంస్థ ఏర్పడింది. శాస్త్రవేత్తలు నేరుగా పూనుకొని రాయించిన దాని పుస్తకాలు 1963లో వచ్చాయి. వాటిలో పరిణామం అన్ని అధ్యాయాలనూ కలిపే దారంలా ఉంది. ఆ తర్వాతే కేసులు. ఆర్కన్సాలోని లిటిల్ రాక్ బడులు పరిణామ పాఠమున్న కొత్త పుస్తకాన్ని తీసుకున్నాయి గనకనే, దాన్ని చెబితే 1928 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నేరస్తురాలినవుతానని సూజన్ ఎపర్సన్ అనే ఉపాధ్యాయిని కోర్టుకెక్కగలిగింది. 1968 తీర్పు ఆమె పేరుతోనే ఉంది. ముందు పుస్తకం మారింది, తర్వాత చట్టం కూలింది. పుస్తకంలో పాఠమే లేకపోతే ఆ చట్టాన్ని సవాలు చేయాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు.

డోవర్ కేసులో బాహాటపు అభ్యంతరం ఎలా ఓడుతుందో ఇంకా వివరంగా కనబడుతుంది. 1987లో సృష్టివాదాన్ని పరిణామంతో సమానంగా బోధించాలన్న లూసియానా చట్టం పోయాక, అదే వాదన ‘ఇంటెలిజెంట్ డిజైన్’ పేరుతో తిరిగొచ్చింది. డోవర్ పాఠశాల బోర్డు 2004లో తొమ్మిదో తరగతి జీవశాస్త్ర విద్యార్థుల ముందు ఒక ప్రకటన చదివించాలని తీర్మానించింది. పరిణామ సిద్ధాంతంలో ఖాళీలున్నాయనీ, ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ అనే పుస్తకం చూడవచ్చనీ దాని సారాంశం. ఉపాధ్యాయులు తాము చదవబోమన్నారు. అధికారులే తరగతులకు వచ్చి చదివారు. 11 మంది తల్లిదండ్రులు వేసిన దావాలో వాళ్ల తరఫు నిపుణ సాక్షి బార్బరా ఫారెస్ట్ ఆ పుస్తకం పాత రాతప్రతులను కోర్టు ముందు పెట్టింది: 1987 తీర్పు తర్వాత సృష్టివాదులు అన్న మాట ఉన్న చోటల్లా డిజైన్ సమర్థకులు అని మార్చారు, ఒకచోట మార్పు సగమే జరిగి రెండు మాటలూ అతుక్కుపోయి మిగిలాయి. జార్జి డబ్ల్యూ. బుష్ నియమించిన న్యాయమూర్తి జాన్ జోన్స్ 2005 డిసెంబరు 20న 139 పుటల తీర్పులో, ఇది సైన్సు కాదనీ మతబోధనేననీ తేల్చాడు. ఇంత స్పష్టమైన విజయం తర్వాత తరగతి గదిలో ఏం జరిగింది? మైకల్ బర్క్‌మన్, ఎరిక్ ప్లట్జర్ 2007లో 926 మంది ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయులను సర్వే చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. సృష్టివాదాన్ని సమర్థించేవాళ్లు సుమారు 13 శాతం, పరిణామాన్ని తడబాటు లేకుండా బోధించేవాళ్లు 28 శాతం. మిగిలిన సుమారు 60 శాతం ఎటూ తేల్చకుండా, గొడవెందుకని పక్కకు జరిగేవాళ్లు. అసలు సమస్య ఈ 60 శాతమేనని పరిశోధకులు అన్నారు. వాళ్లలో చాలామందికి సైన్సు మీద పగ లేదు. పరిణామం గురించి తమకు లోతుగా తెలుసన్న నమ్మకం లేదు. 2019లో మళ్లీ సర్వే చేసినప్పుడు పరిస్థితి మెరుగైంది. పరిణామాన్ని స్థిరపడిన సైన్సుగా చెప్పేవాళ్లు 51 నుంచి 67 శాతానికి పెరిగారు. ఈ రెండు సర్వేల మధ్య అమెరికాలో అంత పెద్ద తీర్పేమీ రాలేదు. మారినవి సైన్సు ప్రమాణాలు, ఉపాధ్యాయుల శిక్షణ.

వాయిదా పద్ధతికి టర్కీ చక్కని ఉదాహరణ. 2017 జూన్‌లో ఆ దేశపు పాఠ్యప్రణాళిక మండలి అధ్యక్షుడు తొమ్మిదో తరగతి నుంచి పరిణామ పాఠాన్ని తీసేస్తున్నట్టు చెబుతూ, ఇది వివాదాస్పదమనీ పిల్లలకు దీన్ని అర్థం చేసుకునే నేపథ్యం ఉండదనీ, విశ్వవిద్యాలయంలో చదువుకోవచ్చనీ అన్నాడు. తప్పని ఎక్కడా అనలేదు. ఇప్పుడు కాదు అన్నాడు, అంతే.

మన దగ్గర జరిగినది ఈ నేపథ్యంలో చూడాలి. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పనీ, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూసినట్టు చెప్పలేదనీ, బడి, కళాశాల పాఠాలు మార్చాలనీ అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలూ కలిసి ఖండించాయి. ఆయన శాఖ మంత్రే అలాంటి వ్యాఖ్యలు మానుకోమన్నారు. పాఠం చెక్కుచెదరలేదు. తర్వాత కరోనా వచ్చింది. చదువు భారం తగ్గించే పేరుతో పరిణామాన్ని మొదట తాత్కాలికంగా పక్కన పెట్టారు; 2022 నాటి హేతుబద్ధీకరణలో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి దాన్ని శాశ్వతంగా తొలగించింది. అనువంశికత, జీవపరిణామం అన్న అధ్యాయం అనువంశికతగా మిగిలింది. ఎర్ర పురుగుల గుంపులో పచ్చ పురుగు ఆకుల్లో కలిసిపోయి కాకుల కంటపడకుండా బతికిపోయే బొమ్మ, అడవి క్యాబేజీ నుంచి రైతులు కాలీఫ్లవర్ దాకా సాధించిన ఉదాహరణ, శిలాజాలు, మానవ పరిణామం అన్నీ పోయాయి. 2023 ఏప్రిల్‌లో బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ చొరవతో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. 12వ తరగతిలో ఆ పాఠం ఉందిగదా అన్నది ప్రభుత్వపు జవాబు. అదే ఏడాది అక్టోబరులో డార్విన్ తప్పని నిరూపిస్తానంటూ ఒకాయన వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తీసుకోనేలేదు. బాహాటంగా వచ్చిన అభ్యంతరాలు రెండూ వీగిపోయాయి; ఏ అభ్యంతరమూ చెప్పకుండా చేసిన తొలగింపు నిలిచింది. తొలగింపు వెనక మతమే ఉందని రుజువు చేసే పత్రం ఏదీ బయటికి రాలేదు కాబట్టి ఆ ఆరోపణ నేను చేయను. ఈ వాదనకు అది అవసరం కూడా లేదు. ఉద్దేశం ఏదైనా విద్యార్థికి దక్కని పాఠం ఒకటే.

12వ తరగతిలో ఉందన్న జవాబు ఎవరికి వర్తిస్తుందో తెలుగువాళ్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రాల్లో పదో తరగతి అవగానే పిల్లలు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీలుగా విడిపోతారు. జీవపరిణామం ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం తీసుకున్నవాళ్లకు మాత్రమే ఉంటుంది. ఇంజినీరు, లాయరు, కలెక్టరు, తెలుగు పంతులు, శాసనసభ్యుడు కాబోయే పిల్లలకు పదో తరగతే జీవశాస్త్రంతో చివరి పరిచయం. ఆంధ్రప్రదేశ్ 2024–25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమాన్ని తీసుకుంది గనక ఢిల్లీలో చేసిన కోత శ్రీకాకుళం జిల్లా పరిషత్ బడికి కూడా చేరినట్టే.

భారం తగ్గించాలన్న వాదనను కొట్టిపారేయలేం. మన పుస్తకాలు బరువైనవే, కరోనా ఏళ్లలో పిల్లలు నిజంగానే నష్టపోయారు. అయితే జీవశాస్త్రంలో బట్టీ పట్టాల్సినవి చాలా ఉన్నాయి. వాటన్నిటికీ కారణం చెప్పే పాఠం ఒకటే ఉంది. దాన్ని తీసేస్తే మిగిలినవి పేర్ల జాబితాలవుతాయి, భారం పెరుగుతుంది. జీవశాస్త్రంలో ఏదీ పరిణామపు వెలుగులో తప్ప అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డొబ్జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. పైగా ఈ పాఠాన్ని వాయిదా వేసిన కాలంలోనే డెల్టా, ఒమిక్రాన్ రకాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాటి జన్యుక్రమాలను విశ్లేషించింది. అంతకు ముందే పత్తి చేలల్లో గులాబీ రంగు పురుగు బీటీ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. నేర్చింది అనడం కూడా సరికాదు. తట్టుకోగలిగిన కొద్ది పురుగులు మిగిలి పిల్లల్ని పెట్టాయి, మిగతావి చచ్చాయి. ఆదిలాబాద్ రైతుకు పెట్టుబడి నష్టంగా తెలిసిన ఈ సంగతికి పేరు ప్రకృతి వరణం అని అతని కూతురికి బడిలో చెప్పకపోతే ఏం మిగుల్చుకున్నట్టు?

మతవిశ్వాసాన్ని నొప్పించకూడదన్న అభ్యంతరం మన దగ్గర వేరే రూపంలో వస్తుంది. అమెరికాలో అది తిరస్కారం, ఇక్కడ ఎక్కువగా స్వీకారం: ఇదంతా దశావతారాల్లో ఉన్నదేగా అంటారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతే డార్విన్ కన్నా దశావతారాలు మేలైన వివరణ అన్నట్టు పత్రికలు రాశాయి. ఈ పోలిక పురాణమంత పాతది కాదు. 1877లో దివ్యజ్ఞాన సమాజపు మేడమ్ బ్లావట్‌స్కీ, తర్వాత కొద్ది ఏళ్లకే బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ప్రచారంలో పెట్టినది, అంటే డార్విన్ పుస్తకం వచ్చాక పుట్టినదే. చేప, తాబేలు, పంది అన్న వరస పైకి పోలినట్టున్నా లోపల పోలిక లేదు. ప్రతి అవతారానికీ ఒక ప్రయోజనం ఉంది, మందరగిరిని మోయడానికో భూమిని ఎత్తడానికో. ప్రకృతి వరణానికి గమ్యం లేదు. అవతారాన్ని జీవశాస్త్రంగా చదివితే పురాణానికి ప్రాణమైన సంకల్పం పోతుంది, జీవశాస్త్రానికి ప్రాణమైన పరీక్షా పోతుంది. భక్తుడికీ నష్టమే. అలాగని విశ్వాసానికీ పరిణామానికీ పొసగదని కాదు: డోవర్‌లో పరిణామం పక్షాన మొదటి సాక్షి, జీవశాస్త్రవేత్త కెనెత్ మిల్లర్ మతాన్ని ఆచరించే క్యాథలిక్కు. పరిణామం ఒట్టి పరికల్పన కాదు, అంతకు మించినదని 1996లో పోప్ రెండో జాన్ పాల్ ఒప్పుకున్నాడు. రెండు పక్షాలూ చెప్పండి అనేవాళ్లకు జవాబు రాజ్యాంగంలో ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన కూడదని 28వ అధికరణం అంటుంది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుడి విధి అని 51-ఎ చెబుతుంది. తెలుగు తరగతిలో పోతన భాగవతం, సైన్సు తరగతిలో శిలాజం. దేని చోటు దానిది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం దేవుడికి సంబంధించినది కాదు. పరిణామం పేరుతో మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా పేర్చారన్నది అది. బ్రయన్‌ను పల్లెటూరి మూర్ఖుడిగా చూపడం తేలిక. బలవంతుడిదే రాజ్యమన్న తత్వానికి డార్విన్ పేరు వాడటం ఆయన్ను నిజంగా కలవరపెట్టింది. డేటన్ కేసులోని హంటర్ పుస్తకం మానవజాతుల్ని మెట్లుగా పేర్చి తెల్లవాళ్లను పైమెట్టున పెట్టింది, మనుషుల్లో మేలుజాతిని పెంచాలన్న యూజెనిక్స్‌ను మెచ్చుకుంది. కులం ఉన్న దేశంలో ఈ భయం మరీ నిజం. అయితే ఆ పేర్పును కూల్చింది కూడా పరిణామ జీవశాస్త్రమే: మనుషులందరి మూలాలూ ఆఫ్రికాలో కలుస్తాయనీ, జన్యుభేదాల్లో ఎక్కువ భాగం సమూహాల మధ్య కాక ఒక్కో సమూహం లోపలే ఉంటుందనీ చూపింది. పాఠం తీసేస్తే ఈ జవాబు పోతుంది, పుట్టుకను బట్టి గొప్పతనం కట్టే మాట మాత్రం వీధిలో ఉంటుంది. హంటర్ తప్పును కూడా పాఠంలో చేర్చి చెప్పడమే దీనికి మందు.

విద్య ఉమ్మడి జాబితాలోది. ఎన్‌సీఈఆర్‌టీ తొలగించిన చరిత్ర, రాజనీతి భాగాలకు కేరళ 2023లో సొంతంగా అనుబంధ పుస్తకాలు అచ్చువేయించింది. ఆంధ్రప్రదేశ్ విద్యా పరిశోధన మండలి కూడా పదో తరగతి అనువంశికత అధ్యాయానికి 20 పుటల తెలుగు అనుబంధం చేర్చుకోవచ్చు. అందులో పత్తి చేల గులాబీ రంగు పురుగు ఉండాలి, కరోనా ఉండాలి, ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి హైదరాబాదు బిర్లా మ్యూజియంలో నిలబడి ఉన్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉండాలి. దానితోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వకపోతే పాఠం ఇక్కడ కూడా అమెరికా సర్వేలోని ఆ 60 శాతం లాంటివాళ్ల చేతుల్లోనే పడుతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. వచ్చే పాఠ్యపుస్తకాల ముద్రణకు ముందే ఈ పని జరగాలి.