మా నాన్న రాసిన వీలునామాలు

దగ్గరికి జరగండర్రా, మంట ఇప్పుడే రాజుకుంది. వీలునామా సంగతి ఎత్తారు గనక చెబుతున్నా. మా నాన్న తెనాలిలో దస్తావేజులు రాసేవాడు. అమ్మకం కాగితాలైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీదే రాసేవాడు. వీలునామాకు మాత్రం కబురొచ్చిన ఇంటికే వెళ్లేవాడు. కలం, సిరాబుడ్డి ఉన్న సంచీ నా భుజాన ఉండేది.

వెళ్లగానే కలం తీసేవాడు కాదు. వీలునామా రాయించే ముసలాయన పక్కన కూర్చుని పంటల గురించి, పశువుల గురించి మాట్లాడేవాడు. తూర్పు హద్దు ఎవరిది, మనవళ్ల పేర్లేమిటి అని అడిగేవాడు. అది ఊసుపోక కాదు, మనిషికి తెలివి నిలకడగా ఉందో లేదో చూసుకోవడం. తర్వాత కొడుకుల్ని బయటికి పంపించి, "ఈ పొలం నువ్వు సంపాదించిందా, తాతలదా?" అనేవాడు. ఎందుకంటే స్వార్జితమే అప్పుడు రాసుకోవడానికి వీలుండేది. ఉమ్మడిలో పంచుకోని వాటాను రాసినా చెల్లేది కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాకే ఆ వాటాకూ వీలు దొరికింది.

సాక్షుల దగ్గర మరీ పట్టుదల ఆయనకు. 1925 నాటి చట్టం ఇద్దరుండాలంది. రాయించినాయన సంతకమో వేలిముద్రో వేస్తుంటే ఇద్దరూ కళ్లారా చూడాలనేవాడు, ఆయన ఎదుటే తామూ సంతకాలు పెట్టాలనేవాడు. వయసు మళ్లినవాళ్లు సాక్షికొస్తే ఒప్పుకొనేవాడు కాదు. "రేపు కోర్టులో చెప్పాల్సినవాడు ముందే పోతే ఎట్లా?" అనేవాడు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్టరు తప్పనిసరి కాదు. అయినా చేయించుకోమనే చెప్పేవాడు. చెన్నపట్నంలో ఇల్లున్న షావుకార్ల వారసులు ఆ వీలునామా నిజమైనదేనని అక్కడి హైకోర్టులో ప్రొబేటు తెచ్చుకోవాల్సి వచ్చేది. మన మాగాణికి ఆ బాధ ఉండేది కాదు.

నాకు మాత్రం తలుపు చాటున నిలబడ్డ ఆడవాళ్లే గుర్తు. రాసేది వాళ్ల బతుకు గురించే, వాళ్లను అడిగినవాళ్లు లేరు. "నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కొడుకులు దాన విక్రయాది సర్వహక్కులతో" అని రాయించేవాళ్లు. అంటే ఆమె పండింది తినొచ్చు, సెంటు భూమి అమ్మకూడదు. 1956 చట్టం పద్నాలుగో సెక్షను ఆడదాని చేతిలో ఉన్న భూమిని ఆమె సొంతం చేసింది. కాగితంలోనే ఆంక్ష పెట్టి ఇస్తే ఆ ఆంక్ష నిలుస్తుందని దాని రెండో భాగం. ఆ రెంటి మధ్య నలిగిన సంసారాలు ఎన్నో! తులసమ్మ అనే మన తెలుగావిడ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త పోయాక మనోవర్తి కింద రాజీలో ఇచ్చిన భూమి అది, అమ్ముకోవద్దని ఆంక్ష. ఆ ఆంక్ష చెల్లదు, భూమి పూర్తిగా ఆమెదేనని 1977లో తీర్పు.

అది తెలిశాక నాన్న ప్రతి మగవాడితోనూ వాదానికి దిగేవాడు. "ఆవిడకు అమ్ముకునే హక్కుతోనే రాయవయ్యా. ఆసుపత్రి ఖర్చుకు కూడా కొడుకు ముందు చెయ్యి చాచాలా?" కొందరు విన్నారు. కొందరు లేచి వేరే లేఖరి దగ్గరికి పోయారు. బేరం పోయినా ఆయన మాట మార్చుకోలేదు.

ఇక కూతుళ్ల సంగతి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు రాలేదు. వాళ్లు 2005 దాకా ఆగాల్సి వచ్చింది. మీ అత్తలిద్దరి పెళ్లిళ్లూ ముందే చేసేశాను. వాళ్ల ముఖాలు చూస్తూ అన్నేళ్లు ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

అందుకే నా సంపాదన వరకు నా వీలునామా నేనే రాసుకున్నా. ఇల్లు మీ నాయనమ్మకు, అమ్ముకునే హక్కుతో సహా. మాగాణి మీ నాన్నకూ, అత్తలకూ సమంగా. రిజిస్టరు చేయించాను, సాక్షులిద్దరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. నకలు బీరువాలో ఉంది. రేపు పొద్దున అందరూ కూర్చుని చదవండి, అభ్యంతరం ఉన్నవాళ్లు నా ఎదుటే చెప్పండి.