షెల్ స్క్రిప్టులతో కోడ్ మార్పిడి, ఫైళ్ల ప్రివ్యూ

ఒక ప్రోగ్రామింగ్ భాషలోనో, పాత వెర్షన్‌లోనో, పాత అక్షర సంకేతంలోనో ఉన్న ఫైలును కొత్త రూపానికి తేవడాన్ని కోడ్ మార్పిడి అంటారు. ఆ పనిని వందలాది ఫైళ్ల మీద ఒకే తీరున నడిపించడానికి ఆదేశాలను వరసగా రాసిపెట్టిన చిన్న ఫైలే షెల్ స్క్రిప్టు. బెంగళూరు దక్షిణ కొసన హోసూరు రోడ్డును ఆనుకుని ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ ఎదుగుదలలో పరాయి దేశాల పాత ప్రోగ్రాములను చదివి, దిద్ది, మార్చే పనికి పెద్ద పాలు ఉంది. కనుక ఈ చరిత్రను అక్కడ నిలబడి చూడడం సబబు. దీన్ని మామూలుగా మార్చే పరికరాల చరిత్రగానే చెబుతుంటారు. ఆధారాలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. మార్పిడిని నమ్మదగినదిగా చేసింది మార్చే యంత్రం కంటే, ఏది ఎలా మారబోతోందో ముందే కళ్లముందు పెట్టే ఏర్పాటు, అంటే ప్రివ్యూ.

దీని మూలాలు బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌లో ఉన్నాయి. 1973లో పైపులు వచ్చి, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరొకదానికి నేరుగా అందించే వీలు కలిగింది. 1974లో రెండు ఫైళ్ల మధ్య తేడాలను చూపే డిఫ్, 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్, 1979లో ఏడో ఎడిషన్‌తో బోర్న్ షెల్ వచ్చాయి. పాఠాన్ని వరస వరసగా మార్చే సెడ్ కూడా ఆ దశాబ్దానిదే. సెడ్ అసలు ఫైలును ముట్టుకోదు, మారిన పాఠాన్ని తెరమీదికి పంపి ఊరుకుంటుంది. ఫైలులోనే మార్చేసే స్విచ్ చాలాకాలం తర్వాత గ్నూ సెడ్‌లో చేరింది. మేక్‌కు ‘ఎన్’ స్విచ్ ఇస్తే ఏ ఆదేశాలు నడుస్తాయో చూపుతుందే తప్ప వాటిని నడపదు. 1985లో లారీ వాల్ రాసిన ప్యాచ్ తేడాలను మాత్రమే ఒక ఫైలులో పంపి అవతలివైపు అతికించే పద్ధతికి బాట వేసింది. చూడడం, రాయడం వేర్వేరు అడుగులన్న క్రమశిక్షణ ఈ పరికరాల్లో చాలావాటి నిర్మాణంలోనే ఉంది.

కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1978లో, ఆర్.కె. బాలిగ నాయకత్వాన, 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీని నెలకొల్పింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఉపగ్రహ లింకులు అందుబాటులోకి తేగా, 1994లో ఇన్ఫోసిస్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చింది. ఆ దశాబ్దం చివర భారతీయ కంపెనీలకు పెద్దయెత్తున వచ్చిన వైటుకే పని, అంటే 2000 సంవత్సరంతో తలెత్తే తేదీల చిక్కును దిద్దే పని, ఈ వాదానికి గట్టి సాక్ష్యం. కోబాల్ భాషలో రాసిన పాత ప్రోగ్రాముల్లో చాలావాటిలో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. వాటిని నాలుగు చేస్తే రికార్డు పొడవు పెరుగుతుంది, ఆ ఫైలును చదివే ప్రతి ప్రోగ్రామునూ మార్చక తప్పదు. అందుకని చాలాచోట్ల ఒక హద్దు పెట్టుకుని, దానికి దిగువ అంకెలను 2000లుగా, మిగిలినవాటిని 1900లుగా లెక్కించారు. ఈ సూత్రం చెల్లింపు తేదీకి సరిపోతుంది. అదే పుట్టిన తేదీకి వాడితే, 50 హద్దు అయినప్పుడు 1925లో పుట్టినవారు 2025లో పుట్టినట్టు తేలుతుంది. ఏది ఏ తేదీయో వెతుకులాట స్క్రిప్టుకు తెలియదు. అది అనుమానించదగిన వరసలను పోగుచేసి ఇవ్వగలదు, తీర్పు చెప్పాల్సింది చదివే మనిషే. మెయిన్‌ఫ్రేముల మీద షెల్ బదులు జేసీఎల్, రెక్స్ అనే ఆదేశ భాషలు ఉండేవి. పేరు మారినా పద్ధతి ఇదే.

తెలుగు లిపి కంప్యూటర్‌కెక్కిన కథలోనూ ఇదే కనిపిస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాలతో టైపు చేస్తే, రిట్ అనే ప్రోగ్రాము దాన్ని పేజీలు కూర్చే టెక్ వ్యవస్థ కోడ్‌గా మార్చేది. టెక్ పేజీ కూర్చాక అచ్చుకు ముందే తెరమీద చూసుకునే వీలుండేది. వత్తు తప్పిందో, దీర్ఘం పోయిందో కన్నే పట్టుకోవాలి. 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కినా, పత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లనే వాడాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చిన పద్మ అనే ప్రోగ్రాము వెన్న నాగార్జున కృషి. ఆ ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలుగా, కంటికి కనిపించే వరసలో దాచేవారు. యూనికోడ్ ఉచ్చారణ క్రమాన్ని పాటిస్తుంది. ఒక గుర్తుకు ఒక గుర్తు మార్చే ట్ర్ వంటి పరికరం ఇక్కడ చాలదు, ముందువెనకల సందర్భం చూడాలి.

స్క్రిప్టులు మొరటువనీ, వ్యాకరణం తెలిసిన అనువాద పరికరాలు వచ్చాక ప్రివ్యూ అవసరం తగ్గిందనీ కొందరంటారు. మొదటి మాట నిజమే. సెడ్ కోడ్‌కూ వ్యాఖ్యకూ తేడా ఎరగదు. షెల్ కూడా, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఒక ఆదేశం విఫలమైనా తర్వాతి దానికి వెళ్లిపోతుంది. రెండో మాట నిలవదు. పైథాన్ 2 కోడ్‌ను 3కు మార్చే 2టు3 వాక్యనిర్మాణ వృక్షాన్ని అర్థం చేసుకున్నా, మామూలుగా నడిపితే తేడాలను మాత్రమే చూపేది. ‘డబ్ల్యూ’ స్విచ్ ఇచ్చి రాయమన్నప్పుడే ఫైలును మార్చేది, అప్పుడూ పాత ప్రతిని దాచేది. వేల వరసల తేడాలను ఎవరూ శ్రద్ధగా చదవరన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. దానికి జవాబు చదవడం మానేయడం కాదు. ఒక్కో పరుగులో ఒకే రకం మార్పు చేసి, దాన్ని విడిగా చూసి, పరీక్షలు నడిపి భద్రపరిస్తే చదవాల్సింది మనిషి శక్తికి లోబడుతుంది. షెల్ స్క్రిప్టు బాగా చేయగల పని సరిగ్గా ఇదే. భాషా నమూనాలు కోడ్‌ను అనువదిస్తున్న ఈ రోజుల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాటి తప్పులు కూడా సరైన కోడ్‌లా చక్కగా కనిపిస్తాయి. 2024 అక్టోబరులో విడుదలైన పైథాన్ 3.13లో 2టు3ని తొలగించారు. దానికంటే ముప్పై ఏళ్లకు పైగా పెద్దదైన డిఫ్ నేటికీ యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోజిక్స్ ప్రమాణంలో కొనసాగుతోంది.