రీలోడింగ్ డై

రీలోడింగ్ డై అనగా ఒకసారి పేల్చిన తూటా గుల్లను తిరిగి సరైన కొలతకు తీసుకురావడానికి, అందులో కొత్త బుల్లెట్‌ను కూర్చడానికి ఉపయోగించే ఉక్కు అచ్చు. వాడిన గుల్లతో మరల తూటాను తయారుచేయడాన్ని రీలోడింగ్ అంటారు. గురి పోటీలలో పాల్గొనే రైఫిల్ షూటర్లు తమ రైఫిల్‌కు సరిగ్గా సరిపోయే, ఒకదానికొకటి తేడా లేని తూటాల కోసం ఈ పద్ధతిని అనుసరిస్తారు. అమెరికాలోను, కొన్ని ఐరోపా దేశాలలోను ఇది బాగా వ్యాప్తిలో ఉన్న వ్యాపకం. భారతదేశంలో తూటాల తయారీకి వాడే యంత్ర సామగ్రి సైతం ఆయుధ చట్టం పరిధిలోకి వస్తుంది. కావున ఇక్కడ ఏ డై ఎంచుకోవాలన్న ప్రశ్న కంటే ముందు లైసెన్సు ప్రశ్న వస్తుంది.

తూటా నిర్మాణం - డై చేసే పని

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. అవి ఇత్తడి గుల్ల, గుల్ల అడుగున ఉండే ప్రైమర్, లోపల నింపిన మందు, మెడలో బిగించిన బుల్లెట్. తూటా పేలినపుడు కలిగే వత్తిడికి గుల్ల ఉబ్బి ఛాంబరు గోడలకు అతుక్కుంటుంది. అందువలన వేడి వాయువులు వెనుకకు రావు. వత్తిడి తగ్గగానే గుల్ల కొద్దిగా ముడుచుకుంటుంది గాని మొదటి కొలతకు చేరదు. దాని మెడ కూడా వదులవుతుంది.

ఈ గుల్లను నొక్కి తిరిగి చిన్నది చేసేది సైజింగ్ డై. డై మధ్యలో ఉండే సన్నని సూది పాత ప్రైమర్‌ను బయటకు నెట్టివేస్తుంది. కొత్త ప్రైమర్, మందు చేర్చిన తరువాత బుల్లెట్‌ను నిర్ణీత లోతు వరకు దించేది సీటింగ్ డై. రైఫిల్ డైల సెట్టులో సాధారణంగా ఈ రెండూ ఉంటాయి.

పాత ప్రైమర్‌ను తొలగించే సూది, మధ్యలో ఒకే రంధ్రం గల బాక్సర్ రకం గుల్లలకు మాత్రమే పనికివస్తుంది. రెండు చిన్న రంధ్రాలు గల బెర్డాన్ రకం గుల్లలో అది విరిగిపోవచ్చు.

డైని ప్రెస్ అనే మీట యంత్రంలో మరతో బిగిస్తారు. చాలా డైలు 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు అనే ఒకే కొలతతో తయారవుతాయి. అందువలన ఒక సంస్థ డై మరొక సంస్థ ప్రెస్‌లో సరిపోతుంది. కాని ఒక్కొక్క తూటా రకానికి వేర్వేరు డైలు కావాలి. 1952లో వచ్చిన .308 వించెస్టర్ డైతో 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటాను తయారుచేయలేరు.

సైజింగ్ డైలలో రకాలు

* పూర్తి నిడివి డై: గుల్ల మెడను, భుజాన్ని, ఒంటిని కలిపి సరిచేస్తుంది. ఈ విధంగా తయారైన తూటా ఛాంబరులో సులభంగా కూర్చుంటుంది.
* మెడ డై: మెడను మాత్రమే నొక్కుతుంది. ఇత్తడికి శ్రమ తక్కువ. అయితే కొన్నిసార్లు పేల్చిన తరువాత గుల్ల బిగుసుకొని బోల్టు మూయడం కష్టమవుతుంది. అప్పుడు పూర్తి నిడివి డై తప్పదు. మెడ డై అదే రైఫిల్‌లో పేల్చిన గుల్లలకే పనికివస్తుంది.
* బుషింగ్ డై: మెడను నొక్కే చోట మార్చుకోవడానికి వీలైన ఉంగరం వంటి బుష్ ఉంటుంది. బుష్‌లు 0.001 అంగుళం తేడాలతో దొరుకుతాయి. బుల్లెట్‌ను మెడ ఎంత బిగువుగా పట్టుకోవాలో షూటర్ నిర్ణయించుకోవచ్చు. గుల్లల మెడ మందం సమానంగా లేకపోతే దీని ప్రయోజనం తగ్గుతుంది.

ఒకప్పుడు గురి షూటర్లు మెడ డైని ఎక్కువగా ఇష్టపడేవారు. తరువాతి కాలంలో పలువురు పూర్తి నిడివి డైతోనే భుజాన్ని 0.001 నుండి 0.002 అంగుళం మాత్రమే వెనుకకు నెట్టే పద్ధతికి మారారు. భుజాన్ని అంతకంటే ఎక్కువగా నెట్టితే పేల్చిన ప్రతిసారీ గుల్ల సాగి, అడుగుభాగం పలుచబడి, చివరకు తెగిపోయే ప్రమాదం ఉంది. కావున డై ధర కంటే దానిని అమర్చే కొలత ముఖ్యం.

సీటింగ్ డైలలో రకాలు

సాధారణ సీటింగ్ డైలో పైనున్న మరను తిప్పుతూ, తూటా పొడవును కొలుస్తూ లోతును సరిచేసుకోవాలి. మైక్రోమీటర్ డైలో 0.001 అంగుళం గీతలు ఉంటాయి కనుక మార్చిన లోతును మరల అదే స్థానానికి తేవచ్చు. కొన్ని డైలలో జారే తొడుగు ఉంటుంది. అది బుల్లెట్ దిగక ముందే గుల్లను, బుల్లెట్‌ను ఒకే వరుసలో పట్టుకొని, బుల్లెట్ పక్కకు ఒరగకుండా చూస్తుంది.

కొత్తవారి ఎంపిక

కొత్తగా నేర్చుకునేవారికి పూర్తి నిడివి సైజింగ్ డై, మంచి సీటింగ్ డై చాలు. ఖర్చు పెంచగలిగితే ముందుగా సీటింగ్ డై మీద పెంచడం మేలు. బుషింగ్ డై వలన లాభం పొందాలంటే మెడ మందం కొలవడం, సమంగా ఉన్న గుల్లలను ఏరడం తెలిసి ఉండాలి. డైలతో పాటు కాలిపర్, భుజం స్థానాన్ని కొలిచే గేజి అవసరం. రైఫిల్ గుల్లలకు కందెన రాయకుండా సైజింగ్ డైలోకి నెట్టితే అవి అందులోనే ఇరుక్కుపోతాయి. మందు పరిమాణాన్ని తయారీదారులు ప్రచురించిన పట్టికల నుండి మాత్రమే తీసుకోవాలి. ఎంత మంచి డై అయినా ఆ విషయంలో జరిగిన పొరపాటును సరిదిద్దలేదు.

తయారీదారులు

ప్రసిద్ధ సంస్థలలో ఎక్కువ భాగం అమెరికాకు చెందినవి. ఆర్‌సీబీఎస్‌ను 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో స్థాపించాడు. రెడ్డింగ్ 1946లో, హార్నడీ 1949లో, లీ ప్రెసిషన్ 1958లో ప్రారంభమయ్యాయి. లీ డైలు తక్కువ ధరకు, రెడ్డింగ్, ఫోర్‌స్టర్ సంస్థల సీటింగ్ డైలు గురి షూటర్ల ఆదరణకు పేరుపొందాయి.

భారతదేశంలో చట్టం

1959 నాటి ఆయుధ చట్టంలో తూటాలు, మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం విస్తృతమైనది. తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్ర సామగ్రి కూడా ఆ నిర్వచనంలో చేరి ఉన్నాయి. అందువలన ప్రెస్‌ను, డైని మామూలు వర్క్‌షాపు పనిముట్లుగా భావించరాదు. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు వేరు, తయారీ లైసెన్సు వేరు. చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయరాదు. ఈ సెక్షనును ఉల్లంఘించి తయారుచేస్తే, 2019 సవరణ తరువాత కనీసం 7 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు జైలు శిక్ష పడవచ్చు. మందు, ప్రైమర్ల వంటి పేలుడు పదార్థాలకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా వర్తిస్తుంది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇటువంటి పట్టణాలలో ట్రాక్టరు భాగాలు, మోటారు పంపుసెట్లు బాగుచేసే లేత్ షాపులకు 7/8 అంగుళం మర కోయడం కష్టమైన పని కాదు. కాని చట్టం చూసేది పనితనాన్ని కాదు, ఆ వస్తువు దేనికి పనికివస్తుందన్న విషయాన్ని. చిత్రాన్ని చూపి డై చేసిపెట్టమని అడిగినవారితో పాటు, చేసిచ్చిన కార్మికుడు కూడా చిక్కులలో పడవచ్చు.

షూటింగ్ క్రీడ నేర్చుకోదలచిన విద్యార్థికి రీలోడింగ్ అవసరం లేదు. ఒలింపిక్ రైఫిల్ పోటీలు రెండే రకాలు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తూటా గుల్లే ఉండదు. 50 మీటర్ల పోటీలో వాడే .22 తూటాకు ప్రైమర్ రసాయనం గుల్ల అంచులోనే ఉంటుంది కనుక దానిని మామూలు పద్ధతిలో తిరిగి నింపలేరు. ఎన్‌సీసీ క్యాడెట్లు అభ్యాసం చేసేది కూడా ప్రధానంగా .22 రైఫిల్‌తో. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. రీలోడింగ్ ఉపయోగపడే 300 మీటర్ల పోటీ 1972 తరువాత ఒలింపిక్స్‌లో లేదు.

అమెరికాలోని తెలుగువారు

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చు. అయితే చదువుకు, ఉద్యోగానికి తాత్కాలిక వీసాపై వెళ్లినవారు తుపాకీ గాని తూటా గాని కలిగి ఉండడాన్ని ఆ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అక్కడి నిర్వచనంలో యంత్రాలు లేవు గాని గుల్ల, ప్రైమర్, బుల్లెట్, మందు విడివిడిగా కూడా తూటా కిందికే వస్తాయి. కావున ఎఫ్-1, హెచ్-1బి వీసాలపై ఉన్నవారు మిత్రుల వద్ద ఈ వ్యాపకం నేర్చుకొనే ముందు ఈ నియమాన్ని తెలుసుకోవడం అవసరం.